పాయింటుకు రసీదు ఏది?

ఒడిశాలోని కొరాపుట్ కొండల్లో కాఫీ పండును కాటా మీద పెట్టిన రైతు చేతికి ఎంత చిన్నదైనా ఒక చీటీ వస్తుంది. అందులో కిలోలు, ధర, తేదీ ఉంటాయి. అదే రైతు తోటలోకి ఫోను పట్టుకొచ్చి అక్షాంశ రేఖాంశాలు, పట్టా ఫోటో, ఆధార్ నంబరు తీసుకుపోయినవారు మాత్రం ఒక్క కాగితం ముక్క కూడా ఇవ్వడం లేదని కొండ పల్లెల నుంచి మాకు మాట అందుతోంది. ఎవరి కోసం తీశారు, ఎక్కడ దాచారు, తప్పు పడితే ఎవరిని అడగాలి? రైతుకు తెలియదు. అడిగితే ‘పైనుంచి అడుగుతున్నారు’ అన్నది ఒక్కటే జవాబు. ఆ పైనున్నది ఎవరో, వారి లెక్క ఏమిటో ఇప్పుడైనా తేల్చుకోవాలి.

కారణం తెలిసిందే. అడవి నరికిన నేలలో పండిన కాఫీని రానివ్వబోమని యూరప్ దేశాల కూటమి 2023లో చట్టం చేసింది. 2020 డిసెంబరు 31 తరవాత అడవి పోయిన నేల అయితే ఆ గింజకు అక్కడ తలుపు మూతే. 4 హెక్టార్లు, అంటే పదెకరాల లోపు తోటకు ఒక పాయింటు, అంటే ఆ చోటును చూపే అక్షాంశ రేఖాంశాల జత, చాలు. అంతకు మించితే సరిహద్దు మొత్తం గీసి ఇవ్వాలి. పాయింటులో దశాంశం తరవాత ఆరు అంకెలుండాలి. అమలు రెండుసార్లు వాయిదా పడి, పెద్ద సంస్థలకు 2026 డిసెంబరు 30కి చేరింది. యూరప్‌లో దుకాణాలున్న ప్రతి కాఫీ సంస్థకూ ఈ కత్తి తప్పదు. ఆ కత్తి అంచును మాత్రం కిందికి, కిందికి జరుపుతూ ఎకరం రెండెకరాల రైతు మెడ దగ్గర ఆపుతున్నారు.

ఈ వ్యాపారంలో అందరూ చూసి నేర్చుకునే సంస్థ అమెరికా కాఫీ దుకాణాల స్టార్‌బక్స్. కొరాపుట్ గింజ ఆ కప్పుల్లో పడుతోందని మేము అనడం లేదు. కానీ ఇంత పెద్ద కొనుగోలుదారు పెట్టిన పద్ధతి రేపు మన సంతలో కొనేవాడి పద్ధతి కూడా అవుతుంది. అందుకే ఆ సంస్థ కంప్యూటర్లకు పెట్టిన డబ్బు ఎటు పోయిందో చూడాలి. 2014 డిసెంబరులో పోర్ట్‌లాండ్‌లో ఫోన్ ఆర్డర్లు మొదలుపెట్టింది. ఈనాడు అమెరికాలోని సొంత దుకాణాల లావాదేవీల్లో 30 శాతానికి పైగా ఆ దారినే వస్తున్నాయి. కార్డుల్లో, యాప్‌లో జనం ముందుగా వేసి ఉంచిన సొమ్ము 150 కోట్ల డాలర్ల పైచిలుకు. తాగకముందే డబ్బు చేరుతుందన్నమాట. ఆర్డర్లు మితిమీరి కౌంటరు ఉక్కిరిబిక్కిరైతే, 2024 సెప్టెంబరులో పగ్గాలు చేపట్టిన బ్రయాన్ నికోల్ నాలుగు నిమిషాల్లో కాఫీ చేతికందాలని లక్ష్యం పెట్టి, ఏ కప్పు ముందు కలపాలో వరస కట్టే ప్రోగ్రాములు తెప్పించారు. నిమిషం ఆలస్యమైతే పసిగట్టే యంత్రాంగం అది.

అక్కడ యంత్రం చెడినప్పుడు ఏమవుతుందో కూడా చూడండి. 2015 ఏప్రిల్ 24న రోజువారీ అప్‌డేట్ బెడిసికొట్టి అమెరికా, కెనడాల్లో వేలాది దుకాణాల బిల్లింగ్ యంత్రాలు నిలిచిపోయాయి. చాలాచోట్ల కాఫీ ఉచితంగా పోసి ఇచ్చారు. 2024 నవంబరులో బ్లూ యాండర్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థపై సైబర్ దాడి జరిగి, ఉద్యోగుల పనిగంటల లెక్క ఆగిపోతే మేనేజర్లు కాగితం మీద రాసుకున్నారు. పని చేసిన గంటలన్నిటికీ జీతం ఇస్తామని సంస్థ ప్రకటించింది. తప్పు యంత్రానిదైతే నష్టం సంస్థ నెత్తిన వేసుకుంది. మంచిదే.

ఇక్కడ రైతు వివరాలు ఎక్కించే సర్వర్ డౌన్ అయితే? కోసిన పండు ఆగదు. కోసిన రోజే పల్పింగ్ చేయాలి, అంటే తొక్క తీయాలి. బస్తాలో రాత్రంతా ఉంటే లోపల వేడెక్కి పులుస్తుంది. ఆ పులుపు కడిగినా పోదు, ఎండబెట్టినా పోదు, వేయించాక కప్పులో తేలుతుంది. ‘నమోదు కాలేదు, రేపు రండి’ అన్న ఒక్క మాటతో మొదటి రకం పండు రెండో రకమవుతుంది. ఆ తేడా ఎవరిస్తారు? స్టార్‌బక్స్ కౌంటరులో ఉచితంగా పోసిన కాఫీకి లెక్క ఉంది. కొండ మీద పులిసిన బస్తాకు చీటీ కూడా లేదు.

పాయింటు తీసే తీరులోనే అసలు ప్రమాదం ఉంది. ఆరు అంకెలంటే జానెడు నేల కన్నా తక్కువ తేడా, 11 సెంటీమీటర్లు. మామూలు ఫోను ఆరుబయట అయిదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగలు అల్లుకున్న చోట, పక్కన కొండవాలు అడ్డున్న చోట తేడా పది పదిహేను మీటర్లు దాటుతుంది. ఎకరం తోటలో అంచున నిలబడి తీస్తే పాయింటు పక్కనున్న రిజర్వు అడవిలో పడుతుంది. ఇంకా దారుణం, కొండ ఎక్కలేక ఇంటి అరుగు మీదే కూర్చుని నలుగురి తోటలకూ పాయింటు కొట్టేయడం. నాలుగు పేర్లకు పటం మీద ఒకే చుక్క పడిందంటే తనిఖీలో నలుగురూ పోతారు.

పద్ధతి తెలిసినవారు చేసే పని వేరు. తోట నడిమధ్యకు వెళ్లి, పైన ఆకాశం కనిపించే సందు చూసుకుని నిలబడాలి. ఫోను చూపే తేడా అయిదు మీటర్లలోపుకు దిగేదాకా, ఒకటి రెండు నిమిషాలు కదలకుండా ఆగాలి. రెండుసార్లు తీసి పోల్చాలి. అనుమానముంటే గట్టు వెంట నడిచి హద్దు గీయాలి. అటవీ హక్కుల పట్టా, తోట వేసిన ఏడాది చూపే కాగితం అక్కడే ఫోటో తీసి ఆ చుక్కకు జత చేయాలి. ఒక్కో తోటకు అరగంట పని. రోజుకు ముప్పై నలభై పేర్లు ఎక్కించమంటే ఈ అరగంట ఎక్కడ దొరుకుతుంది?

కాగితం ఎందుకంటే, ఉపగ్రహ చిత్రానికి నీడ తోటకూ అడవికీ తేడా తేలిగ్గా తెలియదు. యూరప్ వాడే 2020 అటవీ పటంలో ఒక్కో గడి 10 మీటర్లు. పై నుంచి చూస్తే సిల్వర్ ఓక్ తలలే కనిపిస్తాయి, కింద కాఫీ మొక్క కనిపించదు. ఆ పటం దాన్ని అడవి అని రాసుకుంటుంది. రేపు ఎండిన నాలుగు చెట్లు తీసేస్తే అడవి నరికినట్టు లెక్క. చెట్ల నీడలో పంట పండించే నేల వ్యవసాయ భూమే, అడవి కాదు అని ఆ చట్టంలోనే ఉంది. కానీ ఆ మాట రుజువు చేయాల్సిన కాగితం రైతు దగ్గరుండాలి. మాచ్‌ఖండ్ జలాశయం పూడిపోకుండా కొండవాలుల్లో మట్టిని నిలబెట్టడానికి 1950ల చివర్లో ప్రభుత్వమే వేయించిన పంట ఇది. ఆ పంటనే అడవి హంతకిగా చూపితే కొరాపుట్ తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఒక్కరి పొరపాటు ఒక్కరితో పోదు కూడా. పల్పర్ దగ్గర అందరి పండూ కలుస్తుంది. అయిదారు కిలోల పండుకు కిలో గింజ. ఎవరి గింజ ఏదో ఇక విడదీయలేం. ఇలా కలిసి అమ్మకానికి వెళ్లే సరుకే లాటు. లాటులో కలిసిన ప్రతి తోట చుక్కా జాబితాలో ఉండాలి. ఒక్క చుక్క తప్పయినా లాటు మొత్తం ఆగుతుంది. తన చుక్క ఎక్కడ పడిందో చూసుకునే అవకాశమే లేని రైతు వల్ల ఊరు ఊరంతా నష్టపోవాలా? చీటీ ఇచ్చి ఉంటే బడికెళ్లే పిల్లవాడు ఫోనులో ఆ అంకెలు కొట్టి ‘నాన్నా, ఇది మన తోట కాదు’ అని ఆ రోజే చెప్పేవాడు.

సరిహద్దు బాధ మరొకటి. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మధ్య 1968 నుంచి కోర్టు మెట్లెక్కిన కొటియా తగాదాలో 21 గ్రామాలున్నాయి. అక్కడి జనానికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. అక్కడ తోట ఉన్న రైతు చుక్క ఏ రాష్ట్రం జాబితాలో పడాలి? రెండింటా పడితే దొంగ నమోదు అంటారు. ఒకదానిలో పడితే అది ఎవరి నేల అన్న తగాదాలో సాక్ష్యమవుతుంది. ఏ కాఫీ సంస్థ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ ప్రశ్నకు గడి లేదు.

జాడ తెలిస్తే మంచి ధర వస్తుంది, దళారి తగ్గుతాడు అంటున్నారు. రావచ్చు, మాకు అభ్యంతరం లేదు. మా అభ్యంతరమల్లా చీటీ లేకుండా తీసుకోవడం మీదే. స్టార్‌బక్స్ 2020లో అమెరికాలో సంచి మీది కోడ్‌తో గింజ ఎక్కడిదో, ఎక్కడ వేయించారో తాగేవారికి చూపించే ఏర్పాటు చేసింది. కొనేవాడికి అంత తెలిసినప్పుడు, అమ్మినవాడికి తన చుక్క తనకు తెలియకపోవడమేమిటి? ఈ ఒక్కసారికి ఊరుకుంటే ఇదే ఆనవాయితీ అవుతుంది. ఇవాళ కాఫీ. రేపు మిరియాలు, పసుపు, జీడి. ప్రతి పంటకూ ఒకరు ఫోను పట్టుకొచ్చి నేల జాతకం రాసుకుపోతారు, నేల గలవాడి చేతిలో చిత్తు కాగితం కూడా ఉండదు.

చట్టం లేకపోలేదు. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం ప్రకారం వివరాలు తీసుకునే ముందు ఎందుకో చెప్పే నోటీసు ఇవ్వాలి. దాన్ని ఇంగ్లీషులోగానీ ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలుండాలి. ఒడియా ఉంది, తెలుగు ఉంది. ఈ కొండల్లో మాట్లాడే దేశియా, కువి ఆ షెడ్యూలులో లేవు కనుక చదివి వినిపించక తప్పదు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువుంది. గడువుంది కదా అని అంతలోపు ఊళ్లు ఊడ్చేయాలనుకునేవారికి జిల్లా యంత్రాంగం ఇప్పుడే అడ్డు నిలవాలి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. చుక్క అంకెలు, ఫోను చూపిన తేడా, తేదీ, తీసినవారి పేరు, ఎవరి కోసమో రాసిన చీటీ తోటలోనే ఇవ్వాలి. ఆ వివరాలు రైతుల సహకార సంఘం దగ్గరుండాలి. కొనేవాడికి లాటు వరకే చూపాలి. తీసే ఖర్చు కొనేవాడు పండు ధరలో కోయకుండా విడిగా కట్టాలి. సర్వర్ రాకపోతే ముందు తూచి, కాగితం రాసి, తరవాత ఎక్కించాలి. జనవరి కోతకు ముందే తప్పు చుక్కలు సరిచేసి ఊళ్లో చావడి దగ్గర జాబితా అంటించాలి. పండు తూచే మనిషి చీటీ పుస్తకం లేకుండా సంతలో అడుగు పెట్టడు. పాయింటు తీసే మనిషిని కూడా ఆ పుస్తకం చూపించేదాకా తోట గట్టు దాటనివ్వకండి.