డాక్టరుగారి బల్ల మీది గంటకు ఒక విన్నపం

మహారాజశ్రీ కాలింగ్ బెల్ గారి దివ్యసముఖమునకు,

నిన్న సాయంత్రం మా అమ్మ "మరేమో డాక్టరుగారూ, రాత్రిపూట లేచేటప్పుడు..." అని నోరు తెరవగానే తమరు మోగి ఆ వాక్యాన్ని అక్కడికక్కడే ముగించినందుకు కృతజ్ఞతలు తెలుపుకొంటున్నాను. మేము స్టూలు మీది నుంచి లేవకముందే తరువాతి టోకెను వారు లోపలికి వచ్చి మా బీపీ అంకెలన్నీ శ్రద్ధగా విన్నారు. అందుకు మాకు అభ్యంతరం లేదు, వారి షుగరు వివరాలు మేమూ విన్నాము. మందుల షాపు కుర్రవాడు తప్ప మరొకరు చదవలేని చీటీ గురించీ ఇక్కడ ఎత్తను.

నా బాధంతా ఆ సగం వాక్యం గురించే. మా అమ్మ అసలు సంగతిని ఎన్నడూ ముందు చెప్పదు. మోకాళ్ళ నొప్పితో మొదలుపెట్టి, నిద్ర పట్టకపోవడం మీదుగా, మొహమాటపడుతూ చివరికి అక్కడికి చేరుతుంది. సరిగ్గా అక్కడే తమరు కాపు కాస్తారు. డాక్టరుగారు చీటీ రాస్తూనే ఒక వేలు తమ మీద ఉంచి "ఇంకేమీ లేవు కదా?" అంటారు. లేవు అనడం తప్ప ఆ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు లెక్కగట్టగా, రోగి మాట మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డు తగిలారట. అడ్డు రాకుండా వినమని స్విట్జర్లాండు డాక్టర్లకు నేర్పి చూస్తే, రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే ముగించారని 2002లో తేలింది. ఆ 92 సెకన్లు నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?

మా అమ్మ నిన్న చెప్పబోయిన సంగతి ఇదీ: అంతకు ముందు ఒక రాత్రి లేచి నిలబడేసరికి కళ్ళు తిరిగి బాత్రూము గడప దగ్గర పడిపోయింది. బీపీ మాత్ర మోతాదు పెంచిన తరువాతే ఇది మొదలైంది. అది తెలియని డాక్టరుగారు నిన్న మోతాదు మరికాస్త పెంచారు. ఆమె మాట చివరిదాకా విన్నది మమ్మల్ని ఇంటికి తెచ్చిన ఆటో అబ్బాయి. "మాత్ర మార్చినప్పటి నుంచేనా అమ్మా?" అని అడిగిందీ అతడే. నీకు సిగ్గుగా లేదా?

వారం లోపల వస్తే ఫీజు అక్కర్లేదట, కనుక రేపే వస్తున్నాము. పడిపోయిన సంగతితోనే మొదలుపెట్టమని అమ్మకు గట్టిగా చెప్పాను. "వచ్చీ రాగానే అంత మాట ఎలా అంటానురా, బాగుండదు" అంటోంది. అందుచేత, ఆమె మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి ముగించేదాకా నిన్ను బల్ల మీది నుంచి తీసి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు,
47వ నంబరు టోకెను వారి అబ్బాయి