జ్వరం దిగగానే మాత్రలు ఆపమనే సందేశం గురించి

చెన్నై తండయార్‌పేటలోని మా తెలుగువాళ్ల వాట్సాప్ బృందంలోకి ఈ వారం నాలుగోసారి అదే సందేశం వచ్చింది. మలేరియా క్రిమి అన్ని మందులకూ మొండికెత్తిందట. మాత్రలు ఎక్కువ మింగేకొద్దీ అది మందుకు అలవాటు పడుతుంది గనుక జ్వరం దిగిన రోజునే ఆపేయాలట. మాచిపత్రి కషాయం తాగి, జేబులో కర్పూరం ఉంచుకోవాలట.

కర్పూరం సంగతి వదిలేద్దాం. మాచిపత్రి మన వినాయకచవితి పత్రి. మలేరియా మందు ఆర్టెమిసినిన్ దొరికేది అదే జాతికి చెందిన వేరే మొక్కలో. వేడికి దాని గుణం చెడుతోందని గ్రహించి, చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1971లో తక్కువ వేడిలోనే ఈథర్‌తో సారం తీశారు. మీరేమో మరిగించమంటున్నారు.

మందులు ఓడిపోతున్నాయన్న మాటలో కొంత నిజం ఉంది. మన దేశంలో ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి పాత మందు క్లోరోక్విన్‌కు లొంగడం లేదని 1973లోనే అస్సాంలో బయటపడింది. అందుకే దానికి ఇప్పుడు ఆర్టెమిసినిన్‌తో మరో మందు జతచేసి ఇస్తున్నారు. కంబోడియాలోనూ, తర్వాత రువాండా, ఉగాండాలలోనూ ఆర్టెమిసినిన్‌కు కనిపించింది పాక్షిక నిరోధం, అంటే రక్తం నుంచి క్రిమి ఆలస్యంగా పోతుంది. జత మందు పనిచేస్తున్నంత కాలం రోగి కోలుకుంటాడు. చెన్నైలో మనకు ఎక్కువగా వచ్చేది వైవాక్స్ అనే మరో రకం, దానికి నేటికీ క్లోరోక్వినే ఇస్తున్నారు.

ఇక మాత్రలు ఆపేయమన్న మాట. మా ఎదురింటి అన్నయ్యగారు మూడు రోజుల క్లోరోక్విన్ ముగించి, జ్వరం దిగిందని పద్నాలుగు రోజులు వేసుకోవలసిన ప్రైమాక్విన్ మాత్రలు నాలుగో రోజుకే మానేశారు. రెండు నెలలకు మళ్లీ వణుకు పట్టుకుంది. "చూశావా, మందు పనిచేయలేదు" అంటూ ఫ్రిజ్ మీది అట్ట తీసి చూపించారు. పది రోజుల మాత్రలు అందులోనే ఉన్నాయి. వైవాక్స్ కాలేయంలో నిద్రపోతుంది, క్లోరోక్విన్ దాన్ని అక్కడ తాకలేదు, ఆ పని ప్రైమాక్విన్‌ది. ఇది క్రిమి మొండికెత్తడం కాదు, జ్వరం తిరగబెట్టడం. పైగా మందుకు తట్టుకునే క్రిములు మిగిలి పెరిగే అవకాశం అరకొర మోతాదులోనే ఎక్కువ గాని, పూర్తి మోతాదులో కాదు. ఇంత తలకిందులు మాటను చదివి కూడా ఎలా పంపగలుగుతున్నారు?

ఒక్కటి ఒప్పుకుంటాను: ఒంట్లో బాగున్న మనిషి పద్నాలుగు రోజులు మాత్రలు మింగడం కష్టమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోజువారీ మోతాదు పెంచి 7 రోజుల్లో ముగించే పద్ధతిని అంగీకరించింది. అయితే అది జీ6పీడీ పరీక్ష (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ తగినంత ఉందో లేదో తేల్చేది) చూసి వైద్యుడు తేల్చవలసినది.

అన్నయ్యగారు మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని కొత్త అట్ట మొదలుపెట్టారు. ఇవాళ తొమ్మిదో రోజు.