నిచ్చెనకు కింది మెట్టే లేదు

2025 మే 24, శనివారం సాయంత్రం. నల్గొండలో మా అక్క వాళ్లింట్లో కూలర్ ముందు కూర్చుని, నేనూ మా అక్క కొడుకూ మొనాకో ఫార్ములా 2 స్ప్రింట్ రేసు చూస్తున్నాం. కార్ల రేసింగ్ నిచ్చెనలో అన్నిటికంటే పై మెట్టు ఫార్ములా 1 (ఎఫ్1), దాని కింద వరసగా ఎఫ్2, ఎఫ్3, ఎఫ్4. బెంగళూరు కుర్రాడు కుశ్ మైనీ అందరికంటే ముందు నిలబడి బయల్దేరాడు. ముప్పై ల్యాపులూ (చుట్లూ) వెనకవాళ్లకు సందివ్వకుండా నడిపి గెలిచాడు. అక్కడ ఫార్ములా 2 రేసు గెలిచిన తొలి భారతీయుడు అతనే. పోడియం దగ్గర జనగణమన వినిపిస్తే మావాడు లేచి నిలబడ్డాడు. పాట అయ్యాక అడిగాడు: "మామా, మనోడు గెలిచిండు గదా, ఇగ వచ్చే ఏడు ఎఫ్1ల ఉంటడా?"

అట్ల ఉండదురా అన్నాను. ఎందుకుండదో చెప్పడానికి అరగంట పట్టింది. అంతా విని ఇంకో ప్రశ్న వేశాడు: "మరి నేను పోవాలంటే యాడ మొదలువెట్టాలె?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించే. కానీ మొదటిది అర్థమైతేనే రెండోదాని బరువు తెలుస్తుంది.

ఎఫ్2లో శనివారం జరిగే చిన్న రేసు స్ప్రింట్‌కు, శుక్రవారం క్వాలిఫయింగ్‌లో (ఎవరు ఎంత వేగంగా చుట్టు తిరుగుతారో చూసే పరీక్షలో) తొలి పది స్థానాల్లో నిలిచినవాళ్లను తిరగేసి నిలబెడతారు. పదో స్థానం వచ్చినవాడు ముందుకొస్తాడు, ఫస్ట్ వచ్చినవాడు పదో గడిలోకి పోతాడు. కుశ్ ముందు నుంచి బయల్దేరింది అలాగే. అంతమాత్రాన ఆ గెలుపు చిన్నదైపోదు. మొనాకో గోడల మధ్య ముప్పై ల్యాపులు ఒక్క తప్పూ చేయకుండా నడపడం ఎంత టెన్షనో, ఒకసారి చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. కాకపోతే ఎఫ్1 జట్ల పెద్దలు ముందు చూసేది శుక్రవారం టైమునూ ఆదివారం జరిగే అసలు రేసు, అంటే ఫీచర్ రేసునూ.

ఈ పోటీలో కార్లన్నీ ఒకటే. డల్లారా చాసిస్ (చట్రం), మెకాక్రోమ్ ఇంజన్, పిరెల్లి టైర్లు అందరికీ ఇవే. ప్రాక్టీసు 45 నిమిషాలు, క్వాలిఫయింగ్ అరగంట. ఎంసెట్ లెక్క, పేపర్ అందరికీ ఒకటే. అందుకే ఇక్కడ డ్రైవర్‌కు అసలైన అద్దం పక్క గ్యారేజీలో ఉండే సొంత జట్టు సహచరుడు. 2024లో ఇన్విక్టా జట్టులో కుశ్ పక్కన బ్రెజిల్ కుర్రాడు గాబ్రియెల్ బోర్టొలెటో ఉన్నాడు. అతను చాంపియన్ అయి మరుసటి ఏడాదే సౌబర్ జట్టుతో ఎఫ్1లోకి వెళ్లాడు. కుశ్ 13వ స్థానంలో ఆగాడు. అదే సీజన్ మొదటి రౌండ్‌లో, బహ్రెయిన్‌లో, కుశ్ పోల్ కొట్టాడు, అంటే క్వాలిఫయింగ్‌లో ఫస్ట్ వచ్చాడు. తర్వాత తనిఖీలో కారు నిబంధనకు తగ్గట్టు లేదని ఆ పోల్ తీసేశారు. అతను చేసిన తప్పేమీ లేదు. అయినా పోయింది అతని పేరు మీదే.

ఎఫ్1 కారు ఎక్కాలంటే సూపర్ లైసెన్స్ కావాలి. మూడేళ్లలో 40 పాయింట్లు సంపాదిస్తేనే అది ఇస్తారు. మాక్స్ వెర్‌స్టాపెన్ 2015లో 17 ఏళ్లకే ఎఫ్1 రేసు నడిపాక, మామూలుగా 18 నిండాలన్న నిబంధన కూడా వచ్చింది. ఎఫ్2లో తొలి మూడు స్థానాలకు 40 పాయింట్ల చొప్పున ఇస్తారు. ఎఫ్3 చాంపియన్‌కు 30. కిందనున్న జాతీయ ఎఫ్4 చాంపియన్‌కు 12. అంటే మూడేళ్లు వరసగా ఎఫ్4 టైటిల్ గెలిచినా 36 దగ్గరే ఆగిపోతాడు. పైకి ఎక్కక తప్పదు, ఎక్కిన ప్రతి మెట్టుకూ డబ్బు కట్టాలి. ముంబై కుర్రాడు జెహాన్ దారువాలా 2019లో ఎఫ్3లో మూడో స్థానంలో నిలిచాడు. తర్వాత నాలుగు సీజన్లు ఎఫ్2లో ఉన్నాడు, రేసులు గెలిచాడు, రెండేళ్లు వరసగా ఏడో స్థానంలో నిలిచాడు. ఏడో స్థానానికి వచ్చేది 8 పాయింట్లు. చివరికి కరెంటు కార్ల పోటీ అయిన ఫార్ములా ఈ వైపు వెళ్లిపోయాడు. అతన్ని ఓడిపోయినవాడు అనడం తప్పు. ప్రపంచమంతా గాలించి ఏరిన ఇరవై ఇద్దరిలో ఏడోవాడు అతను.

మన దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎఫ్2 డ్రైవర్‌కు జట్టు జీతం ఇవ్వదు. మామూలుగా డ్రైవరే జట్టుకు ఎదురు డబ్బు కట్టి సీటు తెచ్చుకుంటాడు. ఒక సీజన్‌కు మన లెక్కలో ఇరవై కోట్లకు అటూ ఇటూ అవుతుంది. ఫ్రెంచ్ డ్రైవర్ ఎస్తెబాన్ ఓకాన్ చిన్నప్పుడు అమ్మానాన్నలు ఇల్లు అమ్మేసి కారవాన్‌లో కాపురం ఉన్నారు. మన జిల్లాల్లోనూ బిడ్డ చదువు కోసం ఎకరం అమ్మి అమెరికా పంపిన ఇళ్లు ఊరికి పది ఉంటాయి. కానీ అక్కడ చదువు పూర్తయితే ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. ఇక్కడ క్లాస్ ఫస్ట్ వచ్చినా దిక్కు లేకపోవచ్చు. 2022 ఎఫ్2 చాంపియన్ ఫెలిపె డ్రుగోవిచ్‌కు, 2023 చాంపియన్ తియో పూర్షేర్‌కు మరుసటి ఏడాది ఎఫ్1 సీటు దొరకలేదు. పైగా చాంపియన్ అయినవాడు మళ్లీ ఎఫ్2లో ఆడకూడదు. గెలిచి ఇంట్లో కూర్చోవాల్సిన ఆట ఇది.

మరి ఇంత కఠినమైన దారి మన పిల్లలకు ఎందుకు అంటారా? ఇప్పటిదాకా ఎఫ్1 రేసు నడిపిన భారతీయులు ఇద్దరే. 2005లో జోర్డాన్ జట్టుతో వచ్చిన నరేన్ కార్తికేయన్‌ది కోయంబత్తూరు. 2010లో హెచ్‌ఆర్‌టీతో వచ్చిన కరుణ్ చాందోక్‌ది చెన్నై. ఇద్దరూ తమిళనాడు వాళ్లే కావడం కాకతాళీయం అనుకోను. చెన్నై దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. తర్వాత శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి అనే చవక రేసు కారు తయారుచేశాడు. నరేన్ రేసింగ్ మొదలుపెట్టింది ఆ కారుతోనే. ఇద్దరివీ రేసింగ్ తెలిసిన ఇళ్లన్నది నిజమే. కానీ ఇంట్లో తండ్రికి తెలిసిన విద్య కొడుకు చేతికి రావాలంటే దగ్గర్లో ట్రాక్ ఉండాలి, అందుబాటులో కారు ఉండాలి. ఆ రెండూ వాళ్లకు దొరికాయి.

మారుతి 800 ఇంజన్! నల్గొండ మెకానిక్ షెడ్లలో దాన్ని కళ్లు మూసుకుని విప్పి బిగించగలిగినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనకు లేనిది ఆ ఇంజన్‌ను రేసు కారులో పెట్టాలన్న ఆలోచన, పెట్టాక తిప్పడానికి చోటు.

ఇంకో ఉదాహరణ. 2011లో ఫోర్స్ ఇండియా అనే ఎఫ్1 జట్టు దేశంలో పిల్లల కోసం కార్టింగ్ వేట ఒకటి నడిపింది. కార్టు అంటే పిల్లలు రేసింగ్ మొదలుపెట్టే బుల్లి బండి. చివరికి ముగ్గురిని ఎంపిక చేసింది. వాళ్లలో జెహాన్ ఒకడు, కుశ్ అన్న అర్జున్ మైనీ ఇంకొకడు. ఇద్దరూ ఎఫ్2 దాకా వెళ్లారు. ముగ్గురిలో ఇద్దరు! ఇళ్లలో ఆర్థిక బలం ఉంది, కాదనను. రేవా ఎలక్ట్రిక్ కారు తెచ్చిన కుటుంబం మైనీలది. అయినా ఒక్కసారి జల్లెడ పడితేనే ఇంత దొరికింది కదా, ఏటా పట్టి ఉంటే ఎంతమంది తేలేవాళ్లో! ఆ జట్టే 2018లో దివాలా దాకా వెళ్లి చేతులు మారింది. వేట సంగతి అంతటితో సరి.

మనం చేసిందేమిటి? దేశం 2011లో గ్రేటర్ నోయిడాలో ఎఫ్1 ట్రాక్ కట్టుకుంది. మూడేళ్లు రేసులు జరిగాయి, ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. నల్గొండ నుంచి బస్సెక్కి వెళ్లి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. సెక్రటేరియట్ ముందు నుంచి ఆ కార్లు ఈల వేసినట్టు దూసుకుపోతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. దాని డబ్బుల మీద కేసు నడిచింది, ఆ సంగతి కోర్టులు చూసుకుంటాయి. నా బాధ వేరే. రేసు అయిపోయాక గోడలు తీసేశారు, ఎన్టీఆర్ మార్గ్ మీద మళ్లీ సిటీ బస్సులు తిరిగాయి. తెలంగాణ పిల్లలకు ఆ ఒక్కరోజు పండుగ నుంచి ఒక్క కార్టు కూడా మిగల్లేదు. 2023లో మొదలైన ఇండియన్ ఎఫ్4 పోటీలో తొలి టైటిల్ ఆస్ట్రేలియా కుర్రాడు గెలిచాడు, రెండోది దక్షిణాఫ్రికా కుర్రాడు. మన గడ్డ మీద మన పోటీలో బయటివాళ్లు గెలుస్తున్నారంటే, మన పిల్లల్లో లోపం వెతకడం అన్యాయం. వాళ్లు ఏడెనిమిదేళ్లకే కార్టు ఎక్కి ఉంటారు. మనవాళ్లు అప్పటికి టీవీలో కూడా చూసి ఉండరు.

ఇక్కడ ఒక విషయం కాస్త దగ్గరగా చూద్దాం. రేసు కార్టుకు స్ప్రింగులు ఉండవు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి, రెండు చక్రాలనూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే వేగంతో తిరిగితే కార్టు మలుపు తిరగదు, నేరుగా ఈడ్చుకుపోతుంది. అందుకని లోపలి వెనక చక్రాన్ని నేల నుంచి ఒక్క వెంట్రుకవాసి లేపాలి. అది స్టీరింగ్ తిప్పే తీరుతో, ఒంటి బరువుతో జరగాలి. ఏ పుస్తకమూ నేర్పలేని పని, నడుము కింద తెలియాల్సిన పని.

ఇప్పుడు హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద, నాట్లకు ముందు మడి దున్నుతున్న ట్రాక్టర్ డ్రైవర్‌ను చూడండి. పంతొమ్మిది ఇరవై ఏళ్లుంటాయి. కేజ్ వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) మడిలో దిగబడుతుంటాయి, గట్టు రెండు మూరల దూరంలో ఉంటుంది. ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకులు. మూల దగ్గర లోపలి వైపు బ్రేకు ఒక్కటే తొక్కి, ఉన్నచోటే తిప్పేస్తాడు. గట్టు తెగదు, బండి దిగబడదు. ఎక్కడ చక్రం పట్టు వదులుతుందో అతనికి కళ్ల కంటే ముందు కూర్చున్న సీటు చెబుతుంది. రేసింగ్ ఇంజనీర్లు డ్రైవర్‌లో వెతికేది సరిగ్గా ఈ గుణాన్నే. అతను ఎఫ్1కి పోతాడని నేను అనను. అతనికి ఏడేళ్లప్పుడు ఎవరైనా కార్టు చూపించి ఉంటే ఏమయ్యేదో మనకు ఎప్పటికీ తెలియదు. అదీ నా బాధ.

వలసలు పోయిన పాలమూరులో, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్గొండలో రేసింగ్ గురించి రాయడం సిగ్గనిపించలేదా అని ఒక మిత్రుడు అడిగాడు. అనిపించలేదు. 2014లో పదమూడేళ్ల మలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదివే గిరిజన బిడ్డ. ఎవరెస్ట్ కూడా డబ్బున్నవాళ్ల ఆటే, ప్రభుత్వం తాడు పట్టింది కాబట్టి ఆ పిల్ల చేరుకుంది. భువనగిరి కొండ మీద రాళ్లెక్కడం నేర్పారు, అక్కడి నుంచి మొదలైంది. కొండ దగ్గర్లో ఉంది కాబట్టి నేర్పగలిగారు.

నేను ఎఫ్1 ట్రాక్ అడగట్లేదు. ఒక కిలోమీటర్ పొడవు, ఎనిమిది పది మీటర్ల వెడల్పు ఉన్న కార్టింగ్ ట్రాక్ చాలు, పదీ పదిహేను ఎకరాల్లో సరిపోతుంది. కోదాడ నుంచి మిర్యాలగూడ, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల వచ్చే రోడ్డు పొడవునా అంతకు పది రెట్ల బీడు భూమి ఉంది. జడ్చర్ల దగ్గర కడితే బెంగళూరు హైవే పక్కనే, రెండు జిల్లాల పిల్లలకూ దగ్గర. ఐటీఐ పిల్లలు ఆ కార్టుల ఇంజన్లు విప్పి నేర్చుకుంటారు. వంద మంది పిల్లలు నడిపితే తొంభై ఐదు మంది డ్రైవర్లు కారు, వాళ్లలో పదిమంది మంచి మెకానిక్‌లు అవుతారు, అదేమీ నష్టం కాదు. రాత్రిపూట విజయవాడ హైవే మీద హెల్మెట్ లేకుండా బైకులు ఎగరేసే పిల్లలను తిట్టడమే తప్ప, ఇదిగో ఇక్కడ నడుపు అని ఒక్క చోటు చూపించామా?

కట్టినా సరిపోదు, ఏటా జల్లెడ పట్టాలి. ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలను బళ్ల నుంచి తేవాలి, టైము చూసి, బాగా నడిపినవాళ్లకు ఫీజు లేకుండా మూడేళ్లు నడిపించాలి. పైమెట్ల కోట్లు ప్రభుత్వం పెట్టలేదు, పెట్టకూడదు కూడా. అక్కడికి చేరినవాడిని కంపెనీలూ జట్లూ చూసుకుంటాయి. తండ్రి మూడు నాలుగు పనులు చేసి నడిపించిన లూయిస్ హామిల్టన్‌ను 1998లో మెక్‌లారెన్ చేరదీసింది అలాగే. అతను ఎనిమిదేళ్ల వయసు నుంచే కార్టు నడుపుతున్నాడు కాబట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉంది. అప్పుడు అతనికి పదమూడేళ్లు. మా అక్క కొడుక్కీ ఇప్పుడు పదమూడే.

పోయిన నెల వాడినీ, వాడి చెల్లెల్నీ హైదరాబాద్ శివార్లలో అద్దె కార్టుల దగ్గరకు తీసుకెళ్లాను. వాడు మొదటి రెండు ల్యాపులు మలుపు మధ్యలో బ్రేకు తొక్కి గిర్రున తిరిగాడు. ఐదో ల్యాపుకు మలుపు రాకముందే బ్రేకు వేయడం నేర్చుకున్నాడు. దిగాక చేతులు వణుకుతున్నాయి, నవ్వుతున్నాడు. చెల్లెలికి ఏడేళ్లు. కూర్చోబెడితే కాళ్లు పెడళ్లకు అందలేదు. అక్కడి అబ్బాయి లోపలికి వెళ్లి వెనక పెట్టడానికి దిండు తెచ్చాడు, అప్పటికీ అందలేదు. చిన్నపిల్లల కార్టు ఉందా అని అడిగితే, ఇక్కడ లేదన్నా అన్నాడు.