రెండు వేళ్ళతో నాలుగు క్వింటాళ్ళు

మొన్న ఓటీటీలో ఇంకో వింటేజ్ స్మగ్లింగ్ థ్రిల్లర్ చూశా. కథ 1979లో అంట. అది మనకెలా తెలియాలంటే తెర మొత్తానికీ పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది, ఉన్న ఒక్క అంబాసిడర్ అదే సందులో పదిసార్లు తిరుగుతుంది, ఊళ్ళో పిల్లా పీచూ అందరికీ బెల్ బాటమ్సే. సరే, ఓర్చుకున్నా. నా ఒళ్ళు మండింది సూట్‌కేస్ దగ్గర.

హీరో సూట్‌కేస్ తెరుస్తాడు, మొహం మీద పసుప్పచ్చ లైటు పడుతుంది (లోపల బల్బు ఎవరు పెట్టారో అడక్కండి), నిండా బంగారం బిస్కెట్లు. టక్కున మూసి, రెండు వేళ్ళతో ఎత్తి, పరిగెత్తి, గోడ దూకి, కదుల్తున్న గూడ్స్ ఎక్కి, అక్కడ ఒక చేత్తో నలుగుర్ని కొట్టి, ఇంకో చేత్తో అదే సూట్‌కేస్ గిర్రున తిప్పి ఐదోవాడి దవడ పగలగొట్టి, అదీ చాలక హీరోయిన్ ఒళ్ళోకి విసిరేస్తాడు. ఆవిడ నవ్వుతూ పట్టుకుంటుంది.

సీరియస్ సినిమా కదా, సీరియస్‌గానే లెక్కేద్దాం. లీటరు నీళ్ళు కిలో. లీటరు బంగారం 19 కిలోల పైమాటే. సూట్‌కేస్ ఎంత పెద్దదైనా, పోనీ మనింటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్ అంతే అనుకుందాం. 386 కిలోలు. నేనైతే ఆ నీళ్ళ క్యాన్‌ని గుమ్మం నుంచి వంటింట్లోకి తెచ్చేలోపు రెండుసార్లు దింపి, ఓసారి మా ఆవిడ వైపు జాలిగా చూస్తా. అలాంటిది నాలుగు క్వింటాళ్ళు వచ్చి ఒళ్ళో పడితే ఆ హీరోయిన్ అప్పడమైపోవాలా వద్దా?

అసలు సంగతేంటంటే, 1968లో గోల్డ్ కంట్రోల్ చట్టం తెచ్చి మామూలు మనిషి ఇంట్లో బిస్కెట్ ఉంచుకోవడమే నేరం చేశారు, 1990లో ఎత్తేసేదాకా అదే వరస. మనకేమో బంగారం లేకపోతే పెళ్ళే లేదాయె. ఇంకేం, దుబాయ్ నుంచి పడవల్లో పది తులాల బిస్కెట్లు దిగేవి, ఒక్కోటీ 116 గ్రాముల చిల్లర. మోసేవాడు వరసగా జేబులు కుట్టిన గుడ్డ జాకెట్ చొక్కా లోపల వేసుకునేవాడు. వంద బిస్కెట్లకే పదకొండున్నర కిలోలు. గోడ దూకడం తర్వాత, ఆ బరువుతో సిటీ బస్సు ఫుట్‌బోర్డ్ ఎక్కి చూపించమనండి.

ఆ మోసేవాడు ఈ సినిమాలో రెండు నిమిషాలుంటాడు. కస్టమ్స్‌కి దొరుకుతాడు, బాస్ సిగార్ ఆర్పేలోపు మనమూ మర్చిపోతాం. ఇప్పటికీ దొరికేది వాడే. గల్ఫ్‌లో జీతం ఎగ్గొడితే టికెట్‌కి డబ్బుల్లేక కూర్చున్న జగిత్యాల పిల్లగాడి దగ్గరికొచ్చి "టికెట్ మేం తీస్తం తమ్మీ, జర సామాను తీస్కపోవాలె" అంటారు. బంగారాన్ని పేస్టు చేసి, గోళీల్లా చుట్టి ఒంట్లో ఎక్కడ పెట్టిస్తారో రాయడానికి నాకు సిగ్గేస్తోంది, పెట్టించినోడికి లేదు. శంషాబాద్‌లో పట్టుబడేది వీడు, కేసు వీడి మీద, పేపర్లో పరువు వీడిది, ఊళ్ళో అప్పు వీడిది. సరుకు ఎవడిదో వాడు మాత్రం దుబాయ్‌లో ఏసీలో ఉంటాడు. వాడికా మీరు బీజీఎం కొట్టి, స్లోమోషన్‌లో నడిపించి, పొగ వదిలించి గ్రిట్టీ అంటున్నారు? మొహానికి మసి పూస్తే గ్రిట్టీనా? ఛీ.

కసికొద్దీ చివరి పేర్లన్నీ పాజ్ చేసి మరీ చదివా. జాకెట్ కుర్రాడి పాత్ర పేరు 'క్యారియర్ 3'. ఒకటీ రెండూ సినిమాలో ఎక్కడొచ్చారో నాకైతే కనపళ్ళేదు.