తప్పు పిప్‌ది కాదు: వెర్షన్ల గొడవపై తిరుగుతున్న సలహాకు ఖండన

"పిప్‌కి చేతకాదు. అదే ఎన్‌పీఎం అయితే ఎవరికి కావలసిన వెర్షన్ వాళ్లకి ఇచ్చేస్తుంది, గొడవే ఉండదు. ఒకవేళ ఎర్రర్ వచ్చినా ఫోర్స్ పెట్టి కొట్టెయ్, పనైపోతుంది." కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఈ సలహా తెగ చేరుతోంది. (పిప్ పైథాన్‌కి, ఎన్‌పీఎం జావాస్క్రిప్ట్‌కి లైబ్రరీలను, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌ని, తెచ్చి ఇన్‌స్టాల్ చేసే టూల్స్.) ఇందులో ఉన్న మూడు మాటలూ తప్పే. మూడోది ప్రమాదకరం కూడా.

ముందు పిప్ సంగతి. ఒక లైబ్రరీకి నంపై (పైథాన్‌లో లెక్కలు చేసే లైబ్రరీ) 2 కన్నా తక్కువ వెర్షన్ కావాలి, ఇంకోదానికి 2 గానీ ఆపైది గానీ కావాలి. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చాక చాలామందికి ఎదురైన చిక్కే ఇది. ఈ రెండు షరతులకూ సరిపోయే వెర్షన్ అసలు లేనే లేదు. 2020 నవంబరులో పిప్ 20.3 వచ్చేదాకా పిప్ ముందు కనబడిన షరతునే పట్టుకుని ఇన్‌స్టాల్ చేసేసేది. ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయేది కానీ, ప్రోగ్రాం నడిచేటప్పుడు ఎక్కడో కూలేది. ఇప్పటి రిసాల్వర్, అంటే పిప్‌లో సరిపోయే వెర్షన్లను వెతికే భాగం, వెనక్కి వెళ్లి ఆ లైబ్రరీల పాత వెర్షన్లనూ వేసి చూస్తుంది. ఏదీ కుదరకపోతేనే ఆగి, ఎవరు ఏం అడిగారో పేర్లతో సహా చెబుతుంది. దీన్ని చేతకానితనం అంటే నేను ఒప్పుకోను.

రెండు వెర్షన్లూ పక్కపక్కనే పెట్టొచ్చు కదా అంటారు. పైథాన్‌లో ఒక ప్రాసెస్‌లో (నడుస్తున్న ఒక ప్రోగ్రాంలో) ఒక పేరుకి ఒకే మాడ్యూల్ (లోడ్ చేసుకున్న కోడ్). ఎవరు ఇంపోర్ట్ చేసినా మొదట లోడ్ అయిందే అందరికీ అందుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. భాషే పెట్టిన ఈ కట్టుబాటును పిప్ మార్చలేదు. పిప్ బదులు వాడే యూవీ అనే టూల్‌కి మారితే జవాబు చాలా త్వరగా వస్తుంది, కారణం కూడా తేటగా చెబుతుంది. కానీ లేని వెర్షన్‌ని అదీ పుట్టించలేదు.

ఇక ఎన్‌పీఎం. అది ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లను వేర్వేరు కాపీలుగా పెట్టగలదు. తేదీని ఫార్మాట్ చేసే చిన్న లైబ్రరీలాంటిదైతే రెండు కాపీలున్నా ఇబ్బంది లేదు, నిజమే. కానీ వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీవి రెండు కాపీలు వచ్చాయా, హుక్స్ (రియాక్ట్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్లు) పనిచేయవు. 'ఇన్‌వాలిడ్ హుక్ కాల్' అని స్క్రీన్ ఎర్రబడుతుంది. ఎందుకంటే కాంపోనెంట్‌ని (పేజీలోని ఒక భాగాన్ని) స్క్రీన్ మీదికి రెండర్ చేస్తున్నది ఒక కాపీ, హుక్‌ని పిలిచింది ఇంకో కాపీలోంచి. 'నువ్వు వాడే కాపీనే నాకూ ఇవ్వు' అని ఒక లైబ్రరీ తనని వాడే ప్రాజెక్టుకి చెప్పుకోవడానికే పీర్ డిపెండెన్సీలు పుట్టాయి. 2020 అక్టోబరులో వచ్చిన ఎన్‌పీఎం 7 నుంచి అవి కుదరకపోతే ఇన్‌స్టాల్ ఆగిపోతోంది. రస్ట్ భాషలో పిప్‌లాంటి టూల్ అయిన కార్గో కూడా ఒకే లైబ్రరీ 1, 2 వెర్షన్లను ఒకే బిల్డ్‌లో ఉండనిస్తుంది. అయితే ఒకదాని టైప్‌ని (డేటా రకాన్ని) ఇంకోదానికి అందిస్తే, రెండింటి పేరూ ఒకటే అయినా కంపైలర్ ఒప్పుకోదు. అంటే గొడవ పోలేదు, చోటు మారింది.

ఫోర్స్ సలహా వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. ఇన్‌స్టాల్ కమాండ్‌కి తగిలించే ఆ ఫ్లాగ్ సమస్యను తీర్చదు, హెచ్చరికను పక్కకు నెడుతుంది. తప్పుడు, బహుశా విరిగిపోయిన పరిష్కారాన్ని ఒప్పుకుంటున్నారని ఎన్‌పీఎం ఎర్రర్‌లోనే రాసి ఉంటుంది. అది చదవకుండా కొట్టేస్తే, ఇన్‌స్టాల్‌లో తేలాల్సిన తప్పు వాడేవాళ్ల ముందు తేలుతుంది.

ఎర్రర్ వస్తే ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ అనే కమాండ్‌తో అడ్డుపడుతున్న ప్యాకేజీ ఏదో చూడండి. చాలాసార్లు దాన్ని అప్‌డేట్ చేస్తే చాలు. పైథాన్‌లో రెండు పనులకూ సంబంధం లేకపోతే వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో పనికి లైబ్రరీలు విడిగా ఉండే చోటు) పెట్టండి. తప్పక ఒక వెర్షన్‌ని రుద్దాల్సివస్తే, ఎన్‌పీఎంలో అయితే ప్రాజెక్టుకి కావలసిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్‌లో ఓవర్‌రైడ్స్ కింద రాసి టెస్టులు నడపండి. మీ తర్వాత ఆ కోడ్ ముట్టుకునేవాళ్లకి కనీసం అది కనబడుతుంది.