మగ్గుల మీద అచ్చేస్తే స్కాట్స్ బతకదు

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో చదువుకునేటప్పుడు శని, ఆదివారాలు వృద్ధుల్ని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేశాను. ఒక పొద్దున ఎనభై దాటిన పెద్దాయనకు చొక్కా తొడుగుతుంటే "మై ఆక్స్‌టర్స్ సెయిర్" అన్నాడు. నాకు అర్థం కాలేదు. పక్కనున్న స్థానిక ఉద్యోగి "సరిగ్గా మాట్లాడండి, అతనికెలా తెలుస్తుంది?" అని కసిరింది. ఆయన తల దించుకుని ఇంగ్లీషులో చెప్పాడు, చంకలో నొప్పిగా ఉందని. మాట తెలియనిది నాకు, సిగ్గుపడింది ఆయన. విజయవాడ హాస్టల్లో వరంగల్ యాసతో ఇంటర్ చదివిన నాకు ఆ సిగ్గు కొత్త కాదు.

ఆయన మాట్లాడింది తప్పుడు ఇంగ్లీషు కాదు, స్కాట్లాండ్ జనం భాష అయిన స్కాట్స్. స్కాట్స్, ఇంగ్లీషు ఒక తల్లి పిల్లలు. ఒకప్పుడు స్కాట్లాండ్ రాజుల చట్టాలు స్కాట్స్‌లోనే రాశారు. తర్వాత బైబిల్ ఇంగ్లీషులో వచ్చింది, 1603లో స్కాట్లాండ్ రాజు ఇంగ్లాండ్‌కీ రాజై లండన్ వెళ్ళిపోయాడు, 1707లో ఇంగ్లాండ్‌తో కలిసిపోయాక స్కాట్లాండ్ పార్లమెంటూ పోయింది. 1946లో స్కాట్లాండ్ విద్యాశాఖ నివేదికే స్కాట్స్ చదువుకున్నవాళ్ళ భాష కాదని, బోధనకు పనికిరాదని తేల్చేసింది. ఆ కాలంలో బడికెళ్ళిన పిల్లలే ఇప్పుడు కేర్ హోముల్లో ఉన్నారు.

ఇక స్కాట్స్ మాటలతో జరుగుతున్న ఈనాటి ప్రచారం. మబ్బు పట్టి, తడిగా, దిగులుగా ఉండే రోజుని 'డ్రీఖ్' అంటారు. సన్నటి తుంపర 'స్మిర్'. సముద్రం మీంచి వచ్చి అబర్డీన్‌ని కప్పేసే పొగమంచు 'హార్'. కురిసే మంచుకు సంబంధించి 421 మాటలున్నాయని 2015లో గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కతేల్చారు. మూల మలుపులో మంచు సుడి తిరిగితే దానికీ ఒక మాట ఉంది, 'ఫీఫుల్'! నాకివి ప్రాణం. కానీ మగ్గుల మీద, టీ టవల్స్ మీద ఈ మాటలు అచ్చేసి అమ్మి, భాషని నిలబెడుతున్నామంటే ఒప్పుకోలేను.

స్కాట్స్‌కి తనదైన వ్యాకరణం ఉంది. ఇది, అది అనే రెండింటితో ఆగదు, అల్లంత దూరాన ఉన్నదానికి 'యాన్' అంటుంది. ఆవు 'కూ' అయితే ఆవులు 'కై'. కళ్ళు 'ఈన్'. ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో 2020లో చూశాం. స్కాట్స్ వికీపీడియాలో వేల వ్యాసాలు రాసింది ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రాడని బయటపడింది. ఇంగ్లీషు వాక్యాల్లో అక్కడక్కడా స్కాట్స్ మాటలు దోపాడంతే. నాకు ఆ పిల్లవాడి మీద కోపం లేదు. ఏళ్ళ తరబడి ఎవరూ గమనించలేదంటే, చదివేవాళ్ళు ఎంత తక్కువో అర్థమై గుండె కలుక్కుమంది.

2022 జనాభా లెక్కల్లో 15 లక్షల మంది స్కాట్స్ మాట్లాడతామన్నారు. 2025 నవంబర్ 30 నుంచి స్కాట్లాండ్‌లోని మరో పాత భాష గేలిక్‌తో పాటు దీనికీ అధికార హోదా వచ్చింది. చాలా సంతోషం. ఇప్పుడు డబ్బు టీచర్ల శిక్షణకి, ఆసుపత్రులకి, కేర్ హోములకి వెళ్ళాలి. అబర్డీన్‌లో వృద్ధుల్ని చూసుకునేవాళ్ళకి, నాలాంటి బయటివాళ్ళతో సహా, చేరిన మొదటి వారమే ఒంటి భాగాల పేర్లు, నొప్పుల పేర్లు స్కాట్స్‌లో నేర్పాలి. ఒక పూట పని అది!

నేను పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నాను. తర్వాతి శనివారం పెద్దాయన గదిలోకి వెళ్ళి "ఫిట్ లైక్ ద డే?" అన్నాను, ఎలా ఉన్నారని. నా వంక కాసేపు చూసి, "నే బ్యాడ్, ఫూస్ యర్సెల్?" అన్నాడు. బాగానే ఉన్నా, మరి నువ్వో అని. ఆ రోజు ఇంగ్లీషులోకి మారలేదు.