ట్రాక్‌లోనూ ప్రమాదం ఉంది, కానీ రోడ్డంత కాదు

"స్పీడ్ సరదా ఉంటే ట్రాక్‌కి వెళ్లండి, అక్కడ భయం లేదు" అని బైకుల స్పీడ్ గురించిన వ్యాసంలో రాశారు. ట్రాక్ అంటే రేసుల కోసం ప్రత్యేకంగా కట్టిన దారి. మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండోది ఒప్పుకోలేను. 2023 ఆగస్టులో చెన్నై దగ్గరి ట్రాక్‌లో, బైక్ రేసులో పడి 13 ఏళ్ల బెంగళూరు కుర్రాడు చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అయినా నా ఓటు ట్రాక్‌కే. ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం పడదు, జారితే ఆగడానికి పక్కన ఖాళీ జాగా ఉంటుంది. రోడ్డు మీద ఇవేవీ లేవు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే.

శ్రీశైలం ఘాట్‌లో నేనూ పడ్డాను. మలుపులో తారు మీద పల్చగా ఇసుక. ముందు చక్రం జారడం చేతులకి తెలిసింది, అంతే, కింద ఉన్నాను. కుడి గ్లవ్ అరచెయ్యి దగ్గర అరిగిపోయి దారాలు బయటికొచ్చాయి. అది లేకపోతే పోయేది నా చర్మమే. వెళ్తున్నది నలభై స్పీడ్‌లోనే!

బండి మాత్రం మానలేదు. పొద్దున ఆరింటికి శ్రీశైలం దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్ట్ తెరిచాక, నల్లమల చల్లగాలి మొహానికి తగిలితే కలిగే హాయి కారులో ఎక్కడిది? కాకపోతే అక్కడ ఎవరితోనూ పోటీ పెట్టుకోను.

ఇంకో సంగతి. మామూలు బైక్ ఇన్సూరెన్స్ రేసింగ్‌కి వర్తించదు. ట్రాక్‌కి వెళ్లమన్నప్పుడు అది కూడా రాయాల్సింది.